రొయ్యకు ‘ఇమ్యూనిటీ’ ఉంటుందా? ఒక డెల్టా రైతు ప్రశ్నకు సమాధానం

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లా ఉండి మండలంలోని ఒక గ్రామం. నాలుగెకరాల్లో వనామీ రొయ్య వేస్తున్నాను. ఇంటి దగ్గర రెండు గేదెలు, కొన్ని నాటుకోళ్ళు ఉన్నాయి. ఈ మధ్య ఎక్కడ విన్నా ‘ఇమ్యూనిటీ’ అనే మాటే వినిపిస్తోంది. మేత కొట్టువారు రొయ్యకు ఇమ్యూనిటీ పెంచే మందని ఒక లీటరు డబ్బా అంటగడుతున్నారు. సీడు తెచ్చిన ఏజెంటు, ‘ఇది ఎస్‌పీఎఫ్ సీడు, ఇమ్యూనిటీ ఉన్న పిల్ల, తెల్లమచ్చ రోగం రాదు’ అన్నాడు. డిగ్రీలో జంతుశాస్త్రం చదువుతున్న మా చిన్నమ్మాయి మాత్రం, ‘రొయ్యకు అసలు ఇమ్యూనిటీయే ఉండదు నాన్నా, ఆ మాట వాడడమే తప్పు’ అంటోంది. పెద్దమ్మాయి కూతురికి పదిహేను నెలలు. దానికీ ఇమ్యూనిటీ కోసమని ఎవరో చెబితే ఒక పొడి డబ్బా కొన్నారు. ఈ మాటకు సరైన అర్థం ఏమిటి? మేము ఎవరి మాట నమ్మాలి?

సమాధానం: ఒకే మాటను మీ చుట్టూ ఉన్నవారు తలా ఒక అర్థంలో వాడుతున్నారు కనుక, ఎవరిని నమ్మాలన్నది ముందు చెప్పి, కారణాలు తరువాత వివరిస్తాను. మీ చిన్నమ్మాయి చెప్పినదానిలో చాలా భాగం సరైనదే, అయితే ‘అసలు ఉండదు’ అనడం కొంచెం ఎక్కువ. మేత కొట్టువారి మాటకు ఒక మూల ఆధారం ఉంది, కానీ డబ్బా మీద వేసిన ధరను నిలబెట్టేంత ఆధారం కాదు. ఏజెంటు చెప్పింది మాత్రం తప్పు. దాన్ని నమ్మి చెరువులో పిల్లను వదిలితే నష్టపోయేది మీరే.

ఇమ్యూనిటీ అన్నది మొదట వైద్యుల మాట కాదు. పాత రోము రాజ్యంలో పౌరుడు ప్రభుత్వానికి చేయవలసిన సేవను, మోయవలసిన భారాన్ని లాటిన్ భాషలో ‘మూనస్’ అనేవారు. దాని నుంచి మినహాయింపు పొందినవాడు ‘ఇమ్యూనిస్’. మన వైపు మాన్యం, సర్వమాన్యం, అగ్రహారం అనే మాటలు తెలిసినవారికి దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. ఊరందరి పొలానికీ శిస్తు పడుతుంది, ఆ చెక్కకు మాత్రం పడదు. అయితే మాన్యం ఇచ్చినప్పుడు ఏ భూమికి, ఏ పన్ను నుంచి, ఎవరి హయాం వరకు అన్నది రాసి ఇచ్చేవారు. శిస్తు లేదన్నంత మాత్రాన ఆ చెక్క పక్క చెక్కకన్నా సారవంతమైనదని ఎవరూ అనుకునేవారు కాదు. వ్యాధుల విషయంలో ఇమ్యూనిటీ అన్నప్పుడు మనం పొరబడుతున్నది సరిగ్గా ఇక్కడే. అది ఫలానా వ్యాధి నుంచి మినహాయింపే గాని, ఒంట్లో నిండుగానో వెలితిగానో ఉండే బలం కాదు. న్యాయశాస్త్రంలో ఈ మాట నేటికీ పాత అర్థంలోనే నడుస్తోంది. పదవిలో ఉన్న రాష్ట్రపతికి, గవర్నర్లకు మన రాజ్యాంగంలోని 361వ అధికరణం క్రిమినల్ కేసుల నుంచి ఇచ్చే రక్షణను ఇంగ్లీషులో ఇమ్యూనిటీ అనే అంటారు.

ఈ మాట వైద్యంలోకి ఎందుకు వచ్చిందో మశూచిని చూసిన తరానికి బాగా తెలుసు. అమ్మవారు పోసి బతికి బయటపడిన మనిషికి అది మళ్ళీ పోయదని మన పల్లెల్లో అందరూ ఎరుగుదురు. అందుకే ముఖాన మచ్చలున్నవారే భయం లేకుండా రోగి పక్కన కూర్చుని సేవ చేసేవారు. 1796లో ఇంగ్లండులో ఎడ్వర్డ్ జెన్నర్ ఆవులకు వచ్చే మశూచి రసిని ఒక పిల్లవాడి చేతికి ఎక్కించి, అసలు మశూచి పడకుండానే ఆ మినహాయింపును తెప్పించవచ్చని చూపాడు. 1802లో ఆ టీకా బొంబాయికి చేరి మన దేశంలో తొలిసారి ఒక చిన్నపిల్లకు వేయబడింది. 1980లో మశూచి ప్రపంచమంతటా అంతరించిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ఆ తరువాతి మెట్టు, మీ పెరటి కోళ్ళకు చుట్టమైన కథ. 1879, 80 ప్రాంతాల్లో లూయీ పాశ్చర్ కోళ్ళకు వచ్చే కలరా క్రిములను ప్రయోగశాలలో బలహీనపరచి, వాటిని ఎక్కించిన కోళ్ళు అసలు క్రిమిని తట్టుకున్నాయని కనుగొన్నాడు. ప్రయోగశాలలో క్రిమిని బలహీనపరచి చేసిన టీకాల వరస మనిషితో కాక కోడితో మొదలైంది.

ఈ పద్ధతిలో వచ్చే రక్షణకు మూలం జ్ఞాపకం. వెన్నెముక ఉన్న జంతువుల రక్తంలో లింఫోసైట్లనే తెల్లకణాలు ఉంటాయి. ఒక క్రిమి ఒకసారి లోనికి వచ్చినప్పుడు అవి దాని పైతొడుగు ఆకారాన్ని గుర్తుపెట్టుకుని, మళ్ళీ అదే క్రిమి వస్తే దానికే సరిపడే ప్రతిరక్షకాలను, అంటే యాంటీబాడీలను, త్వరగా తయారుచేస్తాయి. జ్ఞాపకం ఆ క్రిమిదే గనుక రక్షణ కూడా దాని మీదనే. డెంగీని చూడండి. దానిలో నాలుగు రకాల వైరసులున్నాయి. ఒక రకం వచ్చి తగ్గినవారికి ఆ రకం మళ్ళీ రాకుండా దీర్ఘకాలం రక్షణ ఉంటుంది, మిగిలిన మూడింటి మీద ఆ రక్షణ కొద్దినెలలకు మించి నిలవదు, పైగా రెండోసారి వేరే రకం సోకితే జబ్బు మొదటిసారికన్నా తీవ్రం కావచ్చు. ఇమ్యూనిటీ అనేది కుండలో నీళ్ళలా ఒంట్లో పెరిగే సామాన్య బలమే అయితే ఇలా జరగడానికి వీలులేదు. ధనుర్వాతం ఇంకా విచిత్రమైనది. దాని విషం ఎంత తీవ్రమైనదంటే మనిషిని చంపగల మోతాదు కూడా శరీరానికి గుర్తుండిపోయేంత ఉండదు. అందువల్ల ధనుర్వాతం వచ్చి బతికినవారికి సైతం దాని మీద ఇమ్యూనిటీ రాదు, వారికీ టీకా వేయవలసిందే. పలుగు దెబ్బో, గట్టు మీద మేకు దెబ్బో తగిలినప్పుడు, ‘నాకు ఒళ్ళు గట్టిది’ అని ఊరుకోవడానికి వీలులేని జబ్బు ఇది.

మీ గేదెలకు ఆరు నెలలకొకసారి పశువైద్య సిబ్బంది వచ్చి వేసే గాలికుంటు టీకాలోనూ ఈ సంగతే కనిపిస్తుంది. మన దేశంలో వాడే ఆ టీకాలో ఓ, ఏ, ఆసియా-1 అనే మూడు రకాల వైరసులను కలుపుతారు; ఒకదాని మీది రక్షణ రెండోదానికి పనికిరాదు కాబట్టే మూడూ కలపవలసి వచ్చింది, ఆ రక్షణ కొన్ని నెలలకే తరిగిపోతుంది కాబట్టే మళ్ళీ మళ్ళీ వేయవలసి వస్తోంది. ఈ టీకా వేయించుకున్న గేదెకు గొంతువాపు రాదని హామీ లేదు. దానికి వానలకు ముందు వేరే టీకా ఉంది. కోళ్ళకు కొక్కెర తెగులు రాకుండా మొదటి వారంలో కంట్లో వేసే లసోటా చుక్క, తరువాత సుమారు రెండు నెలల వయసులో వేసే సూది కూడా ఆ ఒక్క తెగులుకే. వాటిని మంచుపెట్టెలో కాక జేబులో పెట్టి తెస్తే ఆ ఒక్కదానికీ పనిచేయవు.

ఇమ్యూనిటీ సొంతంగా రాక, ఇతరుల నుంచి అరువుగా రావడం కూడా ఉంది. గేదె ఈనినప్పుడు దూడ రక్తంలో ప్రతిరక్షకాలు దాదాపు ఉండవు, ఎందుకంటే పశువుల మావి వాటిని కడుపులోని దూడకు చేరనివ్వదు; అవన్నీ ముర్రుపాలలోనే వస్తాయి. పుట్టిన మొదటి కొన్ని గంటల్లో దూడ పేగు వాటిని నేరుగా రక్తంలోకి పీల్చుకోగలదు, ఒక రోజు గడిచేసరికి ఆ దారి మూసుకుపోతుంది. ఈ సంగతి తెలిసీ మొదటి పాలను జున్నుకని పితికి చుట్టాలకు పంచేవారిని మన వైపు ఇంకా చూస్తూనే ఉన్నాము; దూడ కడుపు నిండాక మిగిలినదానితో జున్ను వండుకుంటే ఎవరికీ అభ్యంతరం లేదు. పాము కరిచినప్పుడు ఆసుపత్రిలో ఎక్కించే విరుగుడు సీరం కూడా ఇలాంటి అరువే. గుర్రంలో తయారైన ప్రతిరక్షకాలను రోగికి ఇస్తారు. అవి ఆ పూటకు ప్రాణం నిలుపుతాయి, కొద్ది వారాల్లో ఒంట్లోంచి వెళ్ళిపోతాయి, వచ్చే ఏడాది మరో రక్తపింజర కరిస్తే మళ్ళీ ఎక్కించవలసిందే. ఇక, బోదకాలు రాకుండా కొన్ని జిల్లాల్లో ఇంటింటికీ వచ్చి మింగించే మాత్రలను కొందరు టీకా అనుకుంటారు. అవి రక్తంలోని సూక్ష్మమైన పురుగులను చంపి, దోమ వాటిని మరొకరికి మోయకుండా చేస్తాయే గాని, ఎవరికీ ఇమ్యూనిటీ ఇవ్వవు.

ఇప్పుడు రొయ్య దగ్గరకు వద్దాము. రొయ్యకు వెన్నెముక లేదు, లింఫోసైట్లు లేవు, ప్రతిరక్షకాలు లేవు. కాబట్టి ఇంతవరకు చెప్పుకున్న అర్థంలో, అంటే ఒక రోగాన్ని గుర్తుపెట్టుకుని రెండోసారి అడ్డుకునే అర్థంలో, రొయ్యకు ఇమ్యూనిటీ లేదు. మీ అమ్మాయి పాఠ్యపుస్తకం చెప్పేది ఇదే. అయితే ఈ శాస్త్రపు తొలిరోజుల నుంచే ఆ మాటకు రెండో అర్థం ఒకటి ఉంది. 1882లో ఇల్యా మెచ్నికోఫ్ అనే రష్యా శాస్త్రవేత్త సిసిలీ దీవిలో సముద్రపు నక్షత్రచేప పిల్లలో ముల్లు గుచ్చి చూసినప్పుడు, ఆ ముల్లు చుట్టూ కొన్ని కణాలు మూగి దాన్ని మింగబోవడం కనిపించింది; ఆ తరువాత అదే పనిని డాఫ్నియా అనే నీటి పురుగులో చూశాడు. డాఫ్నియా రొయ్యకు దూరపు చుట్టమే. చేపపిల్లల పెంపకందారులకు అది మేతగా బాగా తెలుసు. 1908లో నోబెల్ బహుమతిని మెచ్నికోఫ్‌కు, ప్రతిరక్షకాల సిద్ధాంతం చెప్పిన పాల్ ఎర్లిక్‌కు కలిపి ఇచ్చారు. ఒకరిది పుట్టుకతో వచ్చే రక్షణ, మరొకరిది అనుభవంతో వచ్చే రక్షణ. రెండింటికీ ఇంగ్లీషులో ఇమ్యూనిటీ అనే పేరే పెట్టారు, తగవుకు మూలమూ అదే. రొయ్యకు మొదటిది ఉంది, రెండోది లేదు.

ఆ మొదటి రక్షణను మీరు మీ చెరువులోనే చూసి ఉంటారు. దెబ్బ తగిలిన రొయ్య పెంకు మీద నల్లమచ్చ ఏర్పడుతుంది. అది రొయ్య రక్తంలోని కణాలు, వాటి నుంచి వచ్చే పదార్థాలు గాయాన్ని మెలనిన్ అనే నల్లటి ద్రవ్యంతో మూసివేయడం వల్ల వచ్చిన మచ్చ. గట్టి పెంకు మొదటి కోట, ఈ కణాలు రెండవది, బ్యాక్టీరియాను చంపే కొన్ని చిన్న ప్రోటీన్లు మూడవది. ఈ రక్షణకు వచ్చినది విబ్రియో అనే బ్యాక్టీరియానా, మరొకటా అన్న తేడా పెద్దగా తెలియదు. నిన్న వచ్చినదే ఈరోజూ వచ్చిందన్న జ్ఞాపకమూ లేదు. కానీ ఇది పరిస్థితిని బట్టి తగ్గుతుంది. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ పడిపోయినప్పుడు, అడుగున కుళ్ళిన మేత వల్ల అమ్మోనియా పెరిగినప్పుడు, ఒక్కసారిగా వాన కురిసి ఉప్పు శాతం మారినప్పుడు రొయ్య రక్తంలో ఆ కణాల సంఖ్య పడిపోతుంది. పెంకు విడిచిన గంటల్లో మొదటి కోట కూడా ఉండదు. ‘ఏరేటర్లు (నీటికి గాలి అందించే యంత్రాలు) ఆగిపోయి రొయ్యకు ఇమ్యూనిటీ తగ్గింది’ అని మీ ఊళ్ళో ఎవరైనా అంటే, ఆ వాక్యం శాస్త్రరీత్యా తప్పు కాదని మీ అమ్మాయికి చెప్పవచ్చు. ఒకసారి బలహీనమైన వైరస్ భాగాలు తగిలిన రొయ్యలు కొద్ది వారాలు కొంత మెరుగ్గా తట్టుకున్నట్లు ప్రయోగశాలల్లో గమనించినవారు ఉన్నారు, దానికి కారణం ఏమిటన్న చర్చా సాగుతోంది. అయితే రైతు చెరువులో వాడదగిన టీకా దాని నుంచి రాలేదు.

ఈ తేడా మాటల తగవు కాదని చెప్పడానికి మన తీరమే సాక్ష్యం. 1994, 95 ప్రాంతాల్లో తెల్లమచ్చ వైరస్ వచ్చినప్పుడు టైగర్ రొయ్య చెరువులు వరసగా తుడిచిపెట్టుకుపోయాయి. సోకిన చెరువులో మూడు నుంచి పది రోజుల్లో మొత్తం రొయ్య చనిపోవడం ఆ రోగ లక్షణం. ఒక ఏడాది తెల్లమచ్చను చూసిన చెరువులో మరుసటి ఏడాది వేసిన రొయ్య దాన్ని మరింత బాగా తట్టుకున్న దాఖలా లేదు. తట్టు వచ్చి పోయిన ఊరిలో పిల్లలకు జరిగేది చెరువులో జరగదు. మిగిలింది ఒకే మార్గం, రోగాన్ని చెరువులోకి రానివ్వకపోవడం.

ఏజెంటు వాడిన ఎస్‌పీఎఫ్ అన్న మాట ఆ మార్గానికి చెందినది, ఇమ్యూనిటీకి చెందినది కాదు. అది ‘స్పెసిఫిక్ పాథోజెన్ ఫ్రీ’ అన్నదానికి పొట్టి రూపం. ఒక జాబితాలో పేర్కొన్న ఫలానా ఫలానా రోగక్రిములు లేవని పరీక్షల్లో పదే పదే తేలిన తల్లిరొయ్యల వంశం అని దాని భావం. 1990ల తొలినాళ్ళలో హవాయి దీవుల్లో వనామీలో ఇలాంటి వంశాలను సిద్ధం చేశారు. మన దేశంలో 2009లో వనామీ సాగుకు అనుమతి వచ్చినప్పుడు, తల్లిరొయ్యలు బయటి నుంచి ఎస్‌పీఎఫ్‌గానే రావాలని, చెన్నైలోని క్వారంటైన్ కేంద్రంలో ఉంచి పరీక్షించాకే హేచరీలకు, అంటే పిల్లలను పుట్టించే కేంద్రాలకు, చేరాలని నియమం పెట్టారు. ఇదంతా ఆ రొయ్య ఎక్కడ పుట్టిందో, పుట్టినచోట ఏ రోగం లేదో చెబుతుందే గాని, రోగం వస్తే దాని ఒళ్ళు ఏం చేయగలదో చెప్పదు. తెల్లమచ్చ ఉన్న నీటిలో వదిలితే ఎస్‌పీఎఫ్ పిల్లా చస్తుంది, మామూలు పిల్లా చస్తుంది. హేచరీ నుంచి చెరువులోకి దిగిన క్షణం నుంచి ఆ బిరుదుకు విలువ లేదు, ఎందుకంటే మీ కాలువ నీటిని ఆ జాబితాకు ఎవరూ పరీక్షించలేదు. రోగాన్ని తట్టుకునేలా తరతరాలుగా ఎంపికచేసిన వంశాలకు ఇంగ్లీషులో ‘రెసిస్టెంట్’, ‘టాలరెంట్’ అనే వేరే పేర్లున్నాయి. టౌరా అనే వైరస్ విషయంలో అలాంటి ఎంపిక బాగా ఫలించింది, తెల్లమచ్చకు మాత్రం పూర్తిగా లొంగని జాతి రైతుల చెరువులకు రాలేదు. ఏజెంటును ఈసారి ‘ఏ క్రిములకు ఎస్‌పీఎఫ్, ఈ బ్యాచికి రోగక్రిమి జాడ పట్టే పీసీఆర్ పరీక్ష ఎప్పుడు చేశారు, ఎన్ని పిల్లలు తీసి చేశారు’ అని అడగండి. చివరి ప్రశ్న ముఖ్యమైనది. ట్యాంకులో నూటికి రెండు పిల్లలకే రోగం ఉంటే, దాన్ని 95 శాతం నమ్మకంతో పట్టుకోవడానికి సుమారు 150 పిల్లలను తీసి పరీక్షించాలి. పదో ఇరవయ్యో తీసి ‘నెగటివ్’ అని ఇచ్చిన కాగితం మీద పెట్టుబడి పెట్టడం జూదమే.

డబ్బా సంగతి. అలాంటి వాటిలో సాధారణంగా ఉండేది విటమిన్ సి, ఈస్టు గోడల నుంచి తీసే బీటా గ్లూకాన్, సముద్రపు నాచు సారం, కొన్ని ఖనిజాలు. వీటిలో అబద్ధం లేదు. విటమిన్ సి లేని మేతతో రొయ్య పెంకు కింద నల్లబడి చనిపోయే జబ్బు ఒకటి ఉంది; బీటా గ్లూకాన్ ఆ రక్తకణాలను కొంతసేపు ఉత్తేజపరుస్తుందని ప్రయోగాల్లో కనిపించింది. అయితే కంపెనీ మేతలో విటమిన్ సి ఇప్పటికే కలిపి వస్తుంది, ఉత్తేజం కొద్దిరోజులదే, ఎడతెగకుండా ఇస్తే లాభం తగ్గుతుంది, అన్నిటికీ మించి ఇది ఫలానా రోగం మీద అని గురిపెట్టినది కాదు. కాబట్టి ‘ఇమ్యూనిటీ పెంచుతుంది’ అన్నప్పుడు ‘ఏ రోగం మీద, ఎన్నాళ్ళు, పెరిగిందని ఏ పరీక్షలో తెలుస్తుంది’ అని అడగడం మీ హక్కు. జవాబు లేకపోతే అది ఖరీదైన మేత దినుసు అనుకుని, ఆ ధరకు కావాలో వద్దో మీరే తేల్చుకోండి. లేబులు మీద దినుసుల వివరాలు లేని సీసాను మాత్రం చెరువు గట్టు ఎక్కనివ్వకండి; నిషేధించిన క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ జాతి మందులు ఏ రూపంలో చెరువులోకి చేరినా, రొయ్యను పట్టిన తరువాత దానిలో వాటి అవశేషాలు బయటపడితే సరుకు వెనక్కి వస్తుంది.

నాలుగెకరాల రైతుగా ఆ డబ్బు ఎక్కడ పెట్టాలో నన్నడిగితే, పీతలు గట్టెక్కకుండా చుట్టూ వేసే తడిక, కాకులు, కొంగలు చచ్చిన రొయ్యను పక్క చెరువు నుంచి తెచ్చి పడేయకుండా పైన కట్టే తీగలు, నీటిని నేరుగా తోడకుండా ముందు నిల్వచేసి బ్లీచింగ్ కొట్టి క్లోరిన్ పోయాక వదిలే చిన్న చెరువు, ఈ మూడింటి మీద పెట్టమంటాను. తెల్లమచ్చను పీతలూ చిన్న రొయ్యలూ మోస్తాయి గనుక వీటి అవసరం అందరూ ఒప్పుకుంటారు, స్థలం పోతుందని నిల్వ చెరువును మాత్రం ఎవరూ తవ్వరు. ఈహెచ్‌పీ అనే సూక్ష్మ పరాన్నజీవి విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. అది రొయ్యను వెంటనే చంపదు, ఎదగనివ్వదు, నెలల తరబడి మేత తిన్నా అనుకున్న కౌంటు (కిలోకు తూగే రొయ్యల లెక్క) రాదు. దాని బీజాలు చెరువు అడుగున బతికి ఉంటాయి గనుక పంటకూ పంటకూ మధ్య చెరువును బాగా ఎండగట్టి, మట్టి క్షారగుణం పీహెచ్ 12 దగ్గరకు చేరేలా కాల్చిన సున్నం వేసి దున్నాలి. ఎండాకాలంలో కాలువలు కట్టేసే రోజులు ఈ పనికి అనువైనవి. తెల్లమచ్చ చలికాలంలోనూ, తుపాను వానలకు నీరు చల్లబడినప్పుడూ ఎక్కువగా విరుచుకుపడుతుంది, వేడి నీటిలో దాని ఉద్ధృతి తగ్గుతుంది. పంట వేసే నెలను ఎంచుకోవడం కూడా ఒక రక్షణే. వీటన్నిటినీ కలిపి ఇంగ్లీషులో ‘బయోసెక్యూరిటీ’ అంటారు. మీ సీడు ఏజెంటు నోట రావలసిన మాట అది.

ఇందులో మీ చేతిలో లేనిది ఒకటుంది. మన డెల్టాలో ఒకరు వదిలే మురుగు కాలువే చాలాచోట్ల మరొకరు నీరు తోడుకునే కాలువ. రోగం పడిన చెరువును రాత్రికి రాత్రి డ్రెయినులోకి కోసేసి ఊరుకునే అలవాటు పోనంత వరకు ఎవరి తడికలైనా కొంతవరకే కాపాడతాయి. పిల్లల్లో తట్టు టీకా నూటికి తొంభై అయిదు మందికి అందితే మిగిలిన అయిదుగురికీ ఆ రోగం చేరడం కష్టమవుతుంది, దాన్నే ‘హెర్డ్ ఇమ్యూనిటీ’ అంటారు. రొయ్యల్లో అలాంటి సదుపాయం లేదు. పక్క పది చెరువులు శుభ్రంగా ఉండడమే మీ చెరువుకు దొరికే రక్షణ. రోగం పడితే గేటు తెరవకుండా, నీటికి బ్లీచింగ్ కొట్టి, కొన్ని రోజులు అలాగే నిలిపి, పక్క రైతులకు చెప్పి వదలాలన్న కట్టుబాటు మీ ఆయకట్టులో పెట్టుకోగలిగితే, ఏ డబ్బా చేయలేని పని అవుతుంది. అనుమానం వచ్చినప్పుడు నమూనా పంపడానికి మీ మండలంలోనే ఉండిలో మత్స్య పరిశోధన కేంద్రం ఉంది, కాకినాడలో రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ ఉంది.

తెలుగులో ఈ మాటను ఎలా వాడాలన్నది కూడా మీ ప్రశ్నలో భాగమే కదా. పత్రికల్లో స్థిరపడిన ‘రోగనిరోధక శక్తి’ తప్పు మాట కాదు, కానీ చివర ఉన్న ‘శక్తి’ వల్ల అది పెంచుకుంటూ పోవలసిన వస్తువులా వినిపిస్తుంది, అమ్మేవారికి కావలసిందీ అదే. పెరిగినకొద్దీ మేలేనని అనుకోవడానికి కూడా వీలులేదు. కొన్ని రకాల కీళ్ళవాతం, చిన్నపిల్లల్లో వచ్చే టైప్ 1 మధుమేహం, ఈ రక్షణ వ్యవస్థ దారితప్పి సొంత ఒంటి మీదే పడడం వల్ల వచ్చేవి. నన్నడిగితే, వ్యాధి పేరు చేర్చి ‘తట్టుకు ఇమ్యూనిటీ’, ‘గాలికుంటు మీద ఇమ్యూనిటీ’ అని వాడండి. రొయ్య విషయంలో ‘తట్టుకునే గుణం’ అనండి, చెరువు విషయంలో ‘రోగం రాకుండా కట్టడి’ అనండి. వ్యాధి పేరు చేర్చడానికి వీలులేని చోట ఆ మాట ఎవరు వాడినా జాగ్రత్తపడండి.

ఇక మీ మనవరాలు. పొడి డబ్బాలో ఉండేది చాలావరకు పాలపొడి, చక్కెర, కొన్ని విటమిన్లు. సరిగా తిండిలేని బిడ్డ ఏ రోగాన్నైనా సరిగా ఎదుర్కోలేదన్నది నిజమే గాని, ఇంట్లో పప్పు, గుడ్డు, చేప, పాలు తింటున్న బిడ్డకు ఆ పొడి అదనంగా ఇచ్చేది తక్కువ. పాపకు పదహారో నెల దగ్గరపడింది గనుక అసలు ఇమ్యూనిటీ వచ్చే సమయం ఇదే. పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య తట్టు, రుబెల్లా టీకా రెండో మోతాదు, కోరింత దగ్గు, ధనుర్వాతం, కంఠసర్పి కలిసిన టీకా బూస్టరు, పోలియో చుక్కల బూస్టరు వేస్తారు. విటమిన్ ఏ రెండో మోతాదు కూడా అప్పుడే పోస్తారు. బూస్టరు అన్న మాటకు సరైన వాడుక ఇదే, ఇదివరకు ఏర్పడిన జ్ఞాపకాన్ని గట్టిపరచడం. ఏఎన్‌ఎం దగ్గరకు వెళ్ళేముందు టీకాల కార్డు తీసి తొమ్మిదో నెల గడి చూడండి. అక్కడ తట్టు టీకా తేదీ రాసి లేకపోతే పదహారో నెల కోసం ఆగవద్దు, ఆ తప్పిన మోతాదును ఈ వారమే వేయించి, రెండోది ఎప్పుడు వేయాలో ఆమెనే అడిగి కార్డు మీద రాయించుకోండి.